వేరే గ్లాసు

రాజన్నా, తప్పు నీదే. బతుకుదెరువుకు వలసొచ్చిన ఈ లింబాయత్‌లో, మగ్గాల షెడ్డులో నీ కులానికని వేరుగా పెట్టిన ప్లాస్టిక్ గ్లాసుతో ఇరవై ఏళ్లు నీళ్లు తాగావు. నేను కోప్పడితే "జర ఊకో తమ్మీ, దూప తీరుతాంది గద" అని నవ్వేవాడివి.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అదే షెడ్డులో చీరలు మడతపెట్టే నీ బిడ్డ స్వరూప, మా షెడ్డువాళ్లకు ఆదివారాలు నేను చదువు చెప్పే గదికి వస్తోంది. ఒకప్పుడు అమెరికాలో నల్లజాతివాళ్లకు వేరే కుళాయిలు ఉండేవన్న పాఠం ఇవాళ తనే పైకి చదివింది. షెడ్డువాళ్లంతా "అయ్యో పాపం" అన్నారు. స్వరూప పుస్తకం మూసింది.

"గంత దూరపోళ్ల మీద జాలెందుకు? మా బాపు గ్లాసు ఇంకా కుండ పక్కన్నే ఉన్నది. ఇప్పుడు అండ్లనే నాకిస్తున్నరు."

"సేఠ్ పనిలకెల్లి తీసేస్తే?" అన్నారెవరో.

"మీరంతా నా ఎంబడొస్తే ఎంతమందిని తీస్తడు?"

చదువుతో ఏమొస్తుందని నాతో వాదించేవాడివి కదా. రా, ఇప్పుడు వాదించు! రేపు పదకొండు మందిమి సేఠ్ ముందు పెట్టబోయే కాగితం ఇది. రాసింది నీ బిడ్డే.

వేరే గ్లాసు తీసెయ్యాలి.
అందరికీ ఒకే కుండ, ఒకే రకం గ్లాసులు ఉండాలి.
ఎవరి నీళ్లు వాళ్లే ముంచుకోనివ్వాలి.
ఇది అడిగినందుకు ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదు.