సోలలోంచి తీసిన పిడికెడు

యాదమ్మా,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ నాచారం ఫ్యాక్టరీలో నాకు రెండో షిఫ్టు కాబట్టి పొద్దున ఇంట్లోనే ఉన్నాను.

నువ్వున్నప్పుడు ఉప్పల్‌లో తెచ్చిన కంట్రోలు బియ్యం మన ముగ్గురికీ నెలాఖరుదాకా వచ్చేవి. నువ్వు పోయాక మొదట్లో నేనే వండాను. నీ సోలతోనే కొలిచినా, తినే మనిషి తగ్గినా, ఆ బియ్యం వారం ముందే అయిపోయేవి. బడి మానిపించి మన సుజాతకు పొయ్యి అప్పగించాక మళ్ళీ సరిపోతున్నాయి. బిడ్డకు తల్లి చెయ్యే వచ్చిందని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాను.

ఇవాళ అది సోలెడు బియ్యం చాటలో పోసి, అందులోంచి పిడికెడు తీసి మళ్ళీ బియ్యం కుండలో వేసింది.

"అదేంది బిడ్డా?" అన్నాను.

"అమ్మ గిట్లనే తీస్తుండె నాయినా. గది వండేటోళ్ళ వంతు. గంజి తాగితే ఆకలి గాదు."

కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీరు తినుండ్రి, నేను వెనక తింట" అని నువ్వు రోజూ అనేదానివి. వెనక ఏం మిగిలిందో నేను ఏనాడూ లేచి చూడలేదు.

కుండలో చెయ్యి పెట్టి ఆ పిడికెడూ తీసి చాటలో పోశాను.

"గట్లయితే నెలాఖరుకు ఏం వండాలె?" అని సుజాత నా చెయ్యి పట్టుకుంది. దాని మణికట్టు ఎంత సన్నబడిందో అప్పుడు చూశాను.

ఈ నెల బియ్యం ముందే అయిపోతాయి. అయిపోనీ, యాదమ్మా.