ఎనిమిది రోజుల సెలవు

అక్కకు,

సెలవు దొరకలేదని నీకు అబద్ధం చెప్పాను. నిన్న నువ్వు ఆఫీసుకు ఫోన్ చేస్తే మా పక్క సీటావిడ, "తను సెలవులోనే ఉందండీ, మీ దగ్గరికే వచ్చిందనుకున్నాం" అందట. ఇక దాచేదేముంది?

నీ మీద కోపమేమీ లేదు, ఒంట్లోనూ బాగానే ఉంది. ఏడాది పొడుగునా చెవులకు ఫోను తగిలించుకుని జనం ఫిర్యాదులు వింటాను కదా. ఈ ఎనిమిది రోజులూ ఎవరి మాటలూ వినాలనిపించలేదు. ఆ సంగతి నీతో చెప్పడానికి నోరు రాలేదు.

ఇంట్లోనే ఉన్నాను. కాఫీ చల్లారకముందే తాగాను. మధ్యాహ్నాలు కిటికీ పక్కన చాప వేసుకుని, ఎండ కాళ్ల మీది నుంచి గోడ మీదికి పాకేదాకా పడుకున్నాను. మూడో రోజు ఇంటిగలావిడ తలుపు తట్టి, "ఒక్కదానివీ బిక్కుబిక్కుమంటూ ఎలా ఉంటున్నావమ్మా?" అని జాలిపడింది. నాలుగో రోజు గిన్నెలు తోముతూ నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాను. ఎన్నేళ్లయిందో!

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పెళ్లికి ముందు గది తలుపు వేసుకుని గంటల తరబడి బొమ్మలు గీసేదానివి. ఇప్పుడు ఆరుగురికి వండి వడ్డించేసరికే నీకు పొద్దు గూకుతోంది.

ఈ కవర్లో మా ఇంటి తాళంచెవి ఉంది. సోమవారం నుంచి నేను ఆఫీసుకు వెళ్తాను. సాయంత్రం ఆరుదాకా ఇంట్లో ఎవరూ ఉండరు. బస్సులో రెండు గంటల ప్రయాణమేగా, వీలైన రోజున వచ్చి ఉండు. నాకోసం వంట మాత్రం చేయకు. నేను వచ్చేలోపే వెళ్లిపోయినా ఏమీ అనుకోను.

నీ చెల్లెలు