అభ్యంతరం లేదు

మార్కాపురం,
24-11-1974, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి నాగమల్లేశ్వరికి నాయన దీవెనలు.

నేను కులాసా. నువ్వు, అల్లుడు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్ళూ ఈ చోట ‘మేమిద్దరం’ అని రాసేవాణ్ణి.

గుంతకల్లు నుంచి నువ్వు రాసిన ఉత్తరం బుధవారం అందింది. అమ్మ చివరి రోజు ఎలా గడిచిందో దాచకుండా రాయమన్నావు. రాస్తాను.

ఆ రోజు గురువారం, ఏడో తేదీ. అయిదింటికి కళ్ళు తెరిచింది. పడుకుంటే ఊపిరి ఆడక, రెండు నెలలుగా గోడకు పరుపు చుట్ట ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. వేడినీళ్ళు అడిగి సగం గ్లాసు తాగింది. ఎనిమిదింటికి గంజి ఇస్తే మూడు చెంచాలు తాగి, "ఉప్పు ఎక్కువేసినారు" అంది. పదింటికి పక్కింటి గోవిందమ్మ వచ్చి తల దువ్వింది. "నీకు ఒక్క తెల్ల వెంట్రుక లేదు వదినా. నా నెత్తి చూడు, జొన్న పేలాలు చల్లినట్టుంది" అంటే మీ అమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. అది తగ్గడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యాహ్నం ఇంజెక్షన్ సూది మరగబెడుతుంటే "ఈ పొద్దుకు వద్దులే" అంది. నేను వేయలేదు. మూడింటికి పాపకు ఎన్ని రోజులని అడిగింది. నెలా పద్దెనిమిది రోజులని చెప్పాను. "తల నిలబెడతా ఉంటుంది" అంది. మళ్ళీ మాట్లాడలేదు. నాలుగూ నలభైకి నాడి ఆగింది. నాడి పట్టి గడియారం చూడడం నా ఉద్యోగంలో అలవాటు. అందుకే టైము తెలుసు.

నీ గురించి అడిగిందా అని రాశావు. రోజూ అడిగేది. పత్యం సరిగా ఉంటున్నావా, పాపకు ముక్కు ఎవరిది వచ్చింది, ఇవే.

నా భోజనం గురించి దిగులు వద్దు. అన్నం నేనే వండుకుంటున్నాను. చారు గోవిందమ్మ పంపుతోంది. ఇత్తడి గంగాళం పాప స్నానానికి కావాలన్నావు. ఈ నెలాఖరుకు రైలు పార్సిలులో వేస్తాను.

బిడ్డను తీసుకుని వస్తానంటే ఎందుకు రానివ్వలేదని కూడా అడిగావు. దానికి జవాబు ఒక్క మాటలో రాసేది కాదు. ముందు ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి.

కంభం రోడ్డులో వీరభద్రయ్య గారి పలకల ఫ్యాక్టరీ నీకు గుర్తుంది కదా. బడిపిల్లల రాతిపలకలు కోసే చోటు. అది మూతపడి నాలుగేళ్ళయింది. వెనక ఆవరణలో ముప్పై ఏళ్ళ కోతపొడి గుట్టగా మిగిలింది. ఆ నేలను ప్రభుత్వం తీసుకుంది. అందులో పనిచేసిన నలభై రెండు కుటుంబాలకు ఇళ్ళ స్థలాలు ఇవ్వాలని నిర్ణయం. కర్నూలు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి వాటికి నాలాంటి హెల్త్ ఇన్‌స్పెక్టరును ఎవరూ పిలవలేదు. మాకు దోమలు, బావులు, టీకాలు. ఒంగోలు కొత్త జిల్లా అయ్యాక అక్కడి ఒక అధికారి మాత్రం, ఫ్యాక్టరీ నేల కాబట్టి ఆరోగ్యశాఖ చూసి రాస్తే గాని స్థలాలు ఇవ్వనని పట్టుబట్టాడట. జూలైలో తహసీల్దారు ఆఫీసు గుమాస్తా ఫైలు పట్టుకుని మన ఇంటికే వచ్చాడు.

"ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసులో మిమ్మల్ని ఎవురన్నా ఒక మాట అడిగినారా సార్? ఇప్పుడు అడుగుతా ఉండారు. ఒక్క సంతకం."

ఆ వారం ముసురు పట్టింది. గొడుగు వేసుకుని పోయి గేటు దగ్గర నిలబడి చూశాను. వానకు తడిసి పొడి అంతా గచ్చు చేసినట్టు గట్టిగా, శుభ్రంగా ఉంది. ఎండినాక మళ్ళీ వచ్చి చూడాలని తోచింది. పోలేదు. ‘ఆరోగ్యరీత్యా అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

మొన్న శుక్రవారం ఎజ్రా వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు రంపం పట్టిన మనిషి. సంచీలో సీతాఫలాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"అమ్మ పోయిందని తెలవలేదు సారూ. అర్ధవీడులో కూతురింటికాడ ఉంటి."

కూర్చోమన్నాను.

"కూసుంటే లేవలేను. ఈ దగ్గు నా పెండ్లాం కంటే ముందు నా ఇంటికొచ్చినాది. ఆమె అయితే నన్ను వదిలి పుట్టింటికన్నా పోతాది, ఇది యాడికీ పోదు." దగ్గుతూనే నవ్వాడు. "సోమవారం తొమ్మిదింటికి స్థలాలకు ముగ్గు పోస్తారంట. నాది ఏడో నంబరు. నీ సంతకం లేకుంటే ఫైలు కదిలేది కాదని గుమాస్తా చెప్పినాడు. నువ్వు సల్లంగుండాల."

కోడలు ఎక్కడుందని అడిగాను.

"ఆడనే. గుట్టను చదును చేస్తా ఉండారు పదిమంది ఆడోళ్ళు. బిడ్డకు కూడా ఆడనే ఉయ్యాల కట్టింది."

నిన్న పొద్దున పోయి చూశాను. వాన లేదు. గాలి ఉంది. ఆడవాళ్ళు గంపలతో పొడి మోస్తున్నారు. కనురెప్పల దాకా బూడిద రంగు. రెండు గుంజల మధ్య చీర కట్టి అందులో బిడ్డను వేశారు. చీర మడత మీద వేలితో రాశాను. గీత పడింది.

"ఏంది సారూ బిడ్డను అట్ల చూస్తావు? దిష్టి తగుల్తాది" అంది ఎజ్రా కోడలు. పక్కనున్న ఆమె, "పెద్దాయనకు మనవరాలు మతికొచ్చినాదేమోలే" అంది.

ఇంటికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రెండుసార్లు చించాను. ఇది మూడోది.

మల్లేశ్వరీ, ఆ పొడిని మన ఇంటికి తెచ్చింది నేను.

నీకు ఏడెనిమిదేళ్ళ వయసులో ఊళ్ళో కలరా వచ్చింది. ఆడవాళ్ళు కాలవగట్టు మట్టితో అంట్లు తోముతుంటే మానమని చెప్పాను. మరి దేనితో తోమాలని అడిగారు. ఫ్యాక్టరీ నుంచి బస్తా పలకపొడి తెప్పించి, మన వసారాలో బ్లీచింగ్ పౌడరు కలిపి, మీ అమ్మ చేత ఇత్తడి చెంబు తోమించి చూపించాను. చెంబు బంగారంలా వచ్చింది. వీధంతా అది పట్టుకుంది. కలరా పోయింది, పొడి నిలిచింది. గరుకు లేకుండా ఉండాలని మీ అమ్మ పాత చీర గుడ్డతో జల్లెడ పట్టేది. ప్రతి గురువారం మధ్యాహ్నం, గదిలో తలుపు వేసుకుని. గాలికి పొడి ఎగిరిపోతుందని తలుపు వేసేది. శుక్రవారం వీధిలోవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ‘ఇన్‌స్పెక్టరు పొడి’ అని దానికి పేరు. "మా ఇంట్లో సంతకం పడందే చెంబు కూడా తెల్లబడదు" అని మీ అమ్మ నన్ను ఎగతాళి చేసేది. నాకు అది గొప్పగా ఉండేది. పన్నెండేళ్ళు సాగింది.

దీపావళికి మూడు రోజుల ముందు పక్క వీధి నుంచి ఒకామె గిన్నెతో వచ్చి, "అక్కా, పొడి" అని వాకిట్లో పిలిచింది. మైల ఇల్లని తెలియదు. పొడి లేదని, ఇక ఉండదని చెప్పాను. మీ అమ్మ లేదని మాత్రం గోవిందమ్మ చెప్పింది.

ఆగస్టు చివర మీ అమ్మను నంద్యాల తీసుకుపోయాను. అక్కడ ఒక డాక్టరు గారు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ నీడలు ఉన్నాయి.

"ఈమె పలకల ఫ్యాక్టరీలో చేసిందా?"

"లేదండి" అన్నాను.

"రాతిపొడి దగ్గర ఎప్పుడైనా పనిచేసిందా? ఇంట్లో గాని, ఎక్కడ గాని."

"లేదండి."

మీ అమ్మ నా పక్కనే ఉంది. నా వైపు చూసింది.

"అయితే క్షయ అనుకోవాల్సిందే" అని ఆయన మందులు రాశారు.

ఎందుకు అబద్ధం చెప్పానో రాస్తాను. సంతకం పెట్టి అప్పటికి ఆరు వారాలు. గదిలో జల్లెడ పట్టిన పొడే ఆమెను అంత చేసిందంటే, ఆ గుట్ట మీద ఇళ్ళు కట్టుకుని పడుకునేవాళ్ళ సంగతేమిటి? ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనే వేసుకున్నాను. జవాబు చెప్పాలంటే నా రిపోర్టు తప్పని నేనే రాయాలి. రాయలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో నల్లమల సొరంగంలో రైలు పెట్టెలోకి పొగ వచ్చి ఆమె చాలా అవస్థ పడింది. గిద్దలూరులో బండి ఆగాక మంచినీళ్ళు తాగి అంది.

"జల్లెడ సంగతి ఆయనకు చెప్పింటే బాగుండు."

"చెప్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఆయనకు తెలిసేది."

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. డెబ్బై ఇంజెక్షన్లు నా చేత్తో పొడిచాను. చేయి జాపేది. కఫం మూడుసార్లు పరీక్ష చేయించాను. మూడుసార్లూ క్రిములు కనబడలేదు. నాకు అర్థమయింది. రాతిపొడి జబ్బుకు మందు లేదు, కాబట్టి నిజం చెప్పి ఉన్నా ఆమె బతికేది కాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నీకు చేసిన దానికి ఆ మాట సరిపోదు.

క్షయ అంటుకుంటుంది. ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిపొడి అంటుకోదు. తొలి కాన్పుకు నిన్ను పుట్టింటికి పిలవకుండా గుంతకల్లులోనే ఉంచమని అల్లుడికి రాశాను. పాప పుట్టాక నువ్వు వస్తానంటే వద్దన్నాను. పసిబిడ్డకు అంటుతుందని రాశాను. అంటదని అప్పటికే నాకు తెలుసు. రానిస్తే నువ్వు, అల్లుడు, గోవిందమ్మ అందరూ అడుగుతారు, క్షయ కాకపోతే మరేమిటని. అందుకని రానివ్వలేదు.

ఒకరోజు మీ అమ్మ నన్నే అడిగింది. "అంటుకునేదయితే ఇన్నేండ్లూ ఒకే గదిలో ఉండారే, మీకెందుకు అంటలేదు?"

నేను సూది కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

"పోనీలే. పాప అక్కడన్నా మంచిగాలిలో ఉంది" అని ఆమే అంది. మనవరాలిని చూడకుండా పోయింది. అది జబ్బు వల్ల కాదు. నా వల్ల.

ఇంకొకటి. దీని కోసమైనా ఈ ఉత్తరం రాయక తప్పదు. పెళ్ళికి ముందు రెండేళ్ళు నువ్వూ అమ్మకు సాయంగా జల్లెడ పట్టావు. అదే గదిలో, తలుపు వేసుకుని. ఈ వారంలోనే రైల్వే ఆసుపత్రికి పోయి ఎక్స్‌రే తీయించుకో. రాతిపొడి దగ్గర పనిచేశావా అని డాక్టరు అడిగినా, అడగకపోయినా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. రెండేళ్ళే కాబట్టి ఏమీ ఉండదనే నా నమ్మకం. నా నమ్మకం మీద ఆధారపడకు. పాపకు ఏ పరీక్షా అక్కర్లేదు, పాలు మాన్పించనక్కర్లేదు.

నిన్ను రమ్మని రాయడానికి నాకు నోరు లేదు. రావడం, రాకపోవడం నీ ఇష్టం.

కొత్త రిపోర్టు మధ్యాహ్నం రాశాను. కార్బన్ పెట్టి మూడు కాపీలు. జూలైలో నేను వానలో గేటు దగ్గర నుంచే చూసి సంతకం పెట్టానని మొదటి పేరాలోనే ఉంది. పొడి తడుపుతూ తీసి, రాయి తవ్విన పాత గోతుల్లో పూడ్చి, పైన మూడడుగుల ఎర్రమట్టి పోసేదాకా ఆ నేల మీద మనిషి పడుకోకూడదని రాశాను. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళందరికీ, అంట్లు తోమడానికి ఆ పొడి వాడిన మన వీధికీ ఎక్స్‌రేలు తీయించాలని రాశాను. మీ అమ్మ పేరు, వయసు, పన్నెండేళ్ళ జల్లెడ సంగతి రాశాను. నా మీద చర్య తీసుకుంటారు. ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. అది వాళ్ళ పని.

నాకు కష్టంగా ఉన్నది అది కాదు. నలభై రెండు కుటుంబాలు ముగ్గు కోసం ఎదురుచూస్తున్నాయి. గుడిసె తప్ప ఎరగని వాళ్ళు. మళ్ళీ ఎన్నాళ్ళకు ఇస్తారో, అసలు ఇస్తారో లేదో నేను చెప్పలేను. దీవించిన మనిషే రేపు శాపనార్థాలు పెడతాడు. పెట్టనీ. కానీ ఆ సంగతి గుమాస్తా నోటి నుంచి వాళ్ళు వినకూడదు.

రేపు పొద్దున ఆరింటికి ఎజ్రా గుడిసెకు పోయి, మిగిలినవాళ్ళను కూడా పిలవమని, మీ అమ్మ ఎందుకు పోయిందో వాళ్ళందరికీ చెబుతాను. కోడలిని గుట్ట దగ్గరికి పోవద్దంటాను. అక్కడి నుంచి తహసీల్దారు గారి ఇంటికి పోయి, ఆయన ఆఫీసుకు బయలుదేరేలోపు ఒక కాపీ చేతికిస్తాను. తర్వాత ఎనిమిదింటి బస్సుకు ఒంగోలు పోతాను. రెండో కాపీ జిల్లా వైద్యాధికారికి ఇచ్చి, అందినట్టు మూడో కాపీ మీద సంతకం తీసుకుంటాను.

ఇట్లు,
నీ నాయన,
చెన్నకేశవులు.