గుండం తొక్కిన పాదాలు

కమలాపురం, గురువారం రాత్రి

పీర్ల పండగకు నాయన ఈ ఏడాది కూడా నిప్పుల గుండం తొక్కాడు. "పీర్ల మహిమమ్మా! రవ్వంత మంట కూడా తెలీలేదు, సల్లగా ఉండాది" అని ఒకటే మురిసిపోతున్నాడు. చూస్తే అరికాళ్ల నిండా బొబ్బలు.

సాయంత్రం డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. షుగరు పాదాల్లో నరాలను చంపేసిందట. చచ్చినవి మళ్లీ బతకవట. పుండు ముదిరితే ముందు వేళ్లు, ఆ తర్వాత కాలు... ఈ మాట నాయనకు ఏ నోటితో చెప్పను? ఊరంతా ఆయనకు దండం పెట్టి పోయింది.

ఇందాక నాయన బోర్లా పడుకుంటే మందు రాసి, రెండు పాదాలకూ కట్టు కట్టి లేచాను.

"ఇంగా మొదలుపెట్టలేదామ్మా?" అన్నాడు.