ఆఖరి ప్రూఫు

కరుణా,

మన యూనివర్సిటీ లా రివ్యూ ఇకమీదట అచ్చులో రాదట, కంప్యూటర్లోనే చదువుకోవాలట. ఆఖరి సంచికలో దాని చరిత్ర వేస్తున్నారు. మొదటి సంపాదకుల్లో మిగిలింది నేనే కాబట్టి ప్రూఫు నాకు పంపారు.

సెలవుల్లో మనం ప్రూఫులు దిద్దింది నందిగామ బస్టాండులో, ఒక బెంచీ మీద. నువ్వు జగ్గయ్యపేట బస్సు దిగేసరికి నీ చున్నీ నిండా సిమెంటు దుమ్ము ఉండేది. నేను కామాలతో సహా పైకి చదివేదాన్ని, నువ్వు రాతప్రతి చూస్తూ "ఊఁ" అనేదానివి. నువ్వు ఊఁ అనందే నేను తర్వాతి వాక్యానికి వెళ్లకూడదు. తప్పు దొరికితే "ఆగవే!" అని అరిచేదానివి. బస్టాండంతా మనవైపు తిరిగేది. ఈ చరిత్రలో ప్రెస్సు సంగతి ఉంది, ఆవిష్కరణ సభలో దండలు వేయించుకున్నవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఆ బెంచీ మాత్రం లేదు.

నిన్న కోర్టు అయ్యాక నా జూనియర్ లక్ష్మి చేతికి రాతప్రతి ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఇప్పుడన్నీ సిస్టమే చూసేస్తుంది కదండీ మేడం," అంది.

"నువ్వు ఊఁ కొట్టమ్మా, చాలు."

చివరి పేజీలో ఆ వాక్యం వచ్చింది. "మొదటి సంపాదకుల్లో ఒకరైన కరుణ, కామా, గత వేసవిలో కన్నుమూశారు, ఫుల్‌స్టాప్."

చదివి ఆగాను. లక్ష్మి రాతప్రతి మీద వేలు పెట్టి చూస్తోంది. "ఆగవే!" అని వినిపిస్తుందేమోనని నేను చూశాను.

"ఊఁ," అంది లక్ష్మి.

తర్వాతి వాక్యానికి వెళ్లాను.