తెల్లచీర మీద సినిమా

జెమీమా వాళ్ల నాయనా,

అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి, చేని నుంచి వచ్చినాక పెట్టుకొని తిను. కోళ్లకు నీళ్లు పెట్టు. ఆ ప్రొజెక్టర్ మాత్రం ముట్టుకోవద్దు. ఈ పూట చర్చిలో నాకు కనపడొద్దు.

నేను కొమరోలులో మా అమ్మ దగ్గర రెండు రోజులు ఉండి వచ్చేసరికి మనిల్లు సినిమా హాలు చేసి పెట్టినావు. పాత సినిమాలు చూడాలని గిద్దలూరు పోయి ప్రొజెక్టర్ తెచ్చినోడికి తెరకు ఒక దుప్పటి దొరకలేదా? నా పెట్టె తెరిచి, బల్లారాధనకు కట్టుకునే తెల్లచీరే తీసి గోడకు మేకులు కొట్టి చిల్లులు చేసినావు. ఈ రోజు నెల మొదటి ఆదివారం. ఆడోళ్లందరూ తెల్లచీరల్లో రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే నేనొక్కదాన్నే పూలచీరతో మోకాళ్ల మీద ఉండాల. ఇది నీకు తెలియదా? పదహారేళ్లుగా మగోళ్ల వరసలో కూర్చొని ఏం చూస్తన్నావు?

నిన్న సినిమాలో హీరోయిన్ ఏడుస్తుంటే నువ్వు కూడా కళ్లు తుడుచుకున్నావంట, జెమీమా చెప్పింది. ఆమె ఏడ్చింది నా చీర మీదే. అది మాత్రం నీ కంటికి ఆనలేదు.

ఎస్తేరు

మర్చిపోయినా, మేకులు పీకొద్దు. సాయంత్రం ప్రార్థన కూడిక మనింట్లోనే. పాస్టరమ్మ ఆ గోడకు ఎదురుగానే కూర్చుంటాది, ఇదేందని తప్పకుండా అడుగుతాది. టీ నేనిస్తా. జవాబు నువ్వియ్యి.