ఎర్రబారిన నారు

రాయచూరు

నాన్నా, నేను బాగున్నాను. ఫోనులో చెబితే సగంలో పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

మన చవుడు చెక్కలో పండిన వడ్లను ఇక్కడ కాలేజీలో ఉప్పునీళ్లతో మొలిపించి, అతినీలలోహిత దీపాల కింద పెట్టాను. ఉప్పు, ఎండలాంటి ఆ వెలుగు, రెండు దెబ్బలకు ఒక్కటీ మిగలదన్నారు మా జయతీర్థ సారు. పచ్చగా నవనవలాడినవన్నీ మాడిపోయాయి. ఆకులు ఎర్రబారినవి మాత్రం నిలబడ్డాయి. మళ్లీ చేసినా అంతే. సారు వంగి చూసి, "ఏందమ్మా, ఇవి గిట్ల ఎట్ల బతికినయ్?" అన్నారు. ఆ ఎరుపు తెగులు కాదు నాన్నా, మొక్క తనకు తాను పట్టుకున్న గొడుగు.

మన తుర్విహాళ కాలవకు నీళ్లొదిలారా? చవుడు చెక్కను బీడు పెట్టకు. ఏటా నారుమడిలో ఎర్రబడ్డవి పీకి గేదెకు వేస్తావే, ఈసారి అవే అక్కడ నాటించు.

అమ్మకు దణ్ణాలు. గేదెకు మాత్రం, దాని ఎర్ర మేత ఇక నాదని చెప్పు.

నీ హిమబిందు